కాపలా ప్యానెల్ దగ్గరే ఉండాలి

2019 మే నెల మొదట్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ డిస్కమ్‌ల కంప్యూటర్ల మీద రాన్సమ్‌వేర్ పడింది. వెబ్‌సైట్లు ఆగిపోయాయి, యాప్‌లో బిల్లు కట్టబోయినవాళ్లకు కుదరలేదు. కరెంటు మాత్రం పోలేదు. ఆ ‘కరెంటు పోలేదు’ అన్న ఒక్క సంగతి మీద మన దగ్గర ఒక సిద్ధాంతమే నిలబడిపోయింది. బిల్లింగ్ వేరు, కంట్రోల్ వేరట. కంట్రోల్ నెట్‌వర్క్‌కి బయటి ప్రపంచంతో సంబంధమే లేదు కాబట్టి దాని జోలికి ఎవరూ రాలేరట. ఆఫీసు కంప్యూటర్ల సంగతంటారా, మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఓ సెక్యూరిటీ సెంటర్ రాత్రింబవళ్లు మేలుకొనే ఉంటుందట. ఇంత ఏర్పాటు ఉండగా సబ్‌స్టేషన్ యార్డులో, పంపుహౌస్‌లో, రియాక్టర్ పక్కన ఎండకీ దుమ్ముకీ తట్టుకునే ఫైర్‌వాల్ పెట్టమనడం దండగ ఖర్చు అని టెండర్ కమిటీల్లోనూ, కన్సల్టెంట్ల నివేదికల్లోనూ, హైటెక్ సిటీ సదస్సుల్లోనూ ఏళ్లుగా వింటున్నాం.

ఇందులో ఒక్క ముక్క కూడా నిలవదని నా వాదన. నిలవకపోవడమే కాదు, ఇది ప్రమాదకరం కూడా. ఎందుకంటే దీన్ని నమ్మేవాళ్లు అమాయకులు కారు. మన కరెంటును, తాగునీటిని, మందుల ఫ్యాక్టరీలను నడిపిస్తున్నవాళ్లు.

ముందు ఆ ‘సంబంధమే లేదు’ అన్న మాట చూద్దాం. 2021 ఫిబ్రవరి ఆఖర్లో రికార్డెడ్ ఫ్యూచర్ అనే అమెరికన్ సంస్థ, చైనాతో ముడిపడిన ‘రెడ్ ఎకో’ ముఠా మన విద్యుత్ సంస్థల మీద కన్నేసిందంటూ ఒక నివేదిక బయటపెట్టింది. అందులో గురిపెట్టిన సంస్థల పట్టికలో నాలుగు ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రాలతో పాటు తెలంగాణ రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం కూడా ఉంది. రాష్ట్రంలో ఏ లైను మీద ఎంత లోడు నడుస్తోందో చూసి, ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో చెప్పే చోటు అది. ఆ మార్చి మొదట్లోనే కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నుంచి తెలంగాణ ట్రాన్స్‌కోకి హెచ్చరిక వచ్చింది. అప్పుడు ట్రాన్స్‌కో తీసుకున్న జాగ్రత్తల్లో ఒకటి మరీ గమనించాల్సింది. అనుమానమున్న ఐపీ అడ్రసుల్ని బ్లాక్ చేశారు, పాస్‌వర్డ్‌లు మార్చారు, వాటితో పాటు సర్క్యూట్ బ్రేకర్లను దూరం నుంచి ఆపరేట్ చేసే సదుపాయాన్నే ఆపేశారు.

ఆ పూట వాళ్లు చేసింది సరైన పనే. తప్పుపట్టను. కానీ అందులో ఉన్న ఒప్పుకోలును చూడండి. సంబంధమే లేని నెట్‌వర్క్ అయితే ఆపేయడానికి ఏముంటుంది? లోడ్ డిస్పాచ్ కేంద్రం నుంచి బ్రేకర్ దాకా దారి ఉంది కాబట్టే ఆ దారిని మూయాల్సి వచ్చింది. ప్రతి సబ్‌స్టేషన్ గుమ్మంలో ‘ఫలానా గేట్‌వే నుంచి వచ్చిన ఆజ్ఞ అయితేనే బ్రేకర్ దాకా పోనివ్వు, రీడింగులు మాత్రం యథావిధిగా వెళ్లనివ్వు’ అని తేల్చే పరికరం ఉంటే, మొత్తం సదుపాయాన్ని ఆపకుండా అనుమానమున్న దారినొక్కదాన్నే బిగించవచ్చు. లేనప్పుడు చేతిలో మిగిలే ఉపాయం ఒకటే, స్విచ్ తీసేయడం. స్కాడా అనే ఈ కంట్రోల్ వ్యవస్థను పెట్టుకున్నదే రిమోట్‌గా నడపడానికి. ముప్పు వచ్చిన రోజున దాన్నే ఆపుకోవాల్సి వస్తే ఆ ఖర్చంతా ఎందుకు పెట్టినట్టు?

ఫ్యాక్టరీల సంగతి ఇంకా స్పష్టం. పటాన్‌చెరు, జీడిమెట్ల, పాశమైలారాల్లో బల్క్ డ్రగ్ యూనిట్ల యాజమాన్యాలను కదిపితే ‘మా ప్లాంటు ఎయిర్ గ్యాప్ సార్, బయటితో కలపం’ అంటారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో బాగా కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలకు ఆన్‌లైన్ మానిటరింగ్ తప్పనిసరి చేసింది. ఫార్మా ఆ పట్టికలో ఉంది. ఎఫ్లుయెంట్ ఎంత పోతోంది, దాని పీహెచ్ ఎంత అన్న లెక్కలు ప్లాంటులోని అనలైజర్ నుంచి డేటా లాగర్‌కి, అక్కడి నుంచి ఇంటర్నెట్ మీదుగా మండలి సర్వర్‌కి ఎప్పటికప్పుడు వెళ్తూనే ఉండాలి. అంటే ప్రభుత్వ ఆదేశమే ప్లాంటును బయటి ప్రపంచంతో కలిపింది. ఆ లాగర్ రెండో పోర్టు ఏ స్విచ్‌కి తగిలించారో ఒకసారి తలుపు తీసి చూసుకోండి. దాని పక్కనే చిల్లర్ కంపెనీవాడు సర్వీసు కోసం వదిలిపోయిన 4జీ రౌటర్ ఉంటుంది. యంత్రాలను నడిపే కంట్రోలర్, అంటే పీఎల్‌సీ, ప్రోగ్రాం మార్చడానికి వచ్చే ఇంజినీరు ల్యాప్‌టాప్ నిన్న రాత్రి ఏ హోటల్ వైఫైలో ఉందో ఎవరికీ తెలియదు. ఇక పెన్‌డ్రైవ్ గురించి కొత్తగా చెప్పాలా? ఇరాన్‌లోని నతాంజ్ కేంద్రానికి నిజంగానే ఇంటర్నెట్ లేదు. అయినా స్టక్స్‌నెట్ లోపలికి నడిచి వెళ్లింది, 2010లో బయటపడేదాకా సీమెన్స్ పీఎల్‌సీల్లో కూర్చుని సెంట్రిఫ్యూజులను పాడుచేసింది.

కూడంకుళం విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 2019 అక్టోబర్ 29న అక్కడి అణువిద్యుత్ కేంద్రం, తమ కంట్రోల్ సిస్టమ్ విడిగా ఉంటుంది కాబట్టి దానిమీద సైబర్ దాడి సాధ్యమే కాదని ప్రకటించింది. మర్నాడే అణువిద్యుత్ కార్పొరేషన్, పరిపాలనా పనులకు వాడే ఒక కంప్యూటర్‌లో మాల్‌వేర్ దొరికిన మాట నిజమేనని, సెప్టెంబర్ 4నే సెర్ట్-ఇన్ తమకు చెప్పిందని ఒప్పుకుంది. కంట్రోల్ సిస్టమ్‌కి ఏమీ కాలేదు, అది సంతోషించాల్సిన విషయం. కానీ ‘ఏమీ కాలేదు’ అన్నది పరీక్ష చేసి తేల్చే మాట, ‘సాధ్యమే కాదు’ అన్నది నమ్మకం. మన వాళ్లు రెండో దానితో మొదటి దాన్ని రుజువు చేస్తున్నారు.

సరే, సంబంధం ఉందనే ఒప్పుకుందాం, అయినా చూసుకోవడానికి సెంటర్ ఉంది కదా అనేవాళ్లున్నారు. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నప్పటి నుంచి ఈ నగరం పేరూ బతుకూ సాఫ్ట్‌వేర్‌తో ముడిపడ్డాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడి బ్యాంకులకో, ఆసుపత్రులకో మన పిల్లలు ఇక్కడి నుంచే నిఘా కాస్తున్నారు. వాళ్ల పనితనం మీద నాకు అనుమానం లేదు. అనుమానం వాళ్లకు కనిపించే దాని మీద. వాళ్ల తెరమీదికి లాగ్‌లు వస్తాయి. చాలా పీఎల్‌సీలు లాగ్ పంపవు. పంపుహౌస్ లోపల ఒక పాడైన ల్యాప్‌టాప్ నుంచి పక్కనున్న పీఎల్‌సీకి వెళ్లే ఆజ్ఞ ఆ గది దాటి బయటికే రాదు. అది గచ్చిబౌలిలో ఏ తెరమీద కనపడుతుంది?

ఆ ఆజ్ఞ ఎలా ఉంటుందో ఒకసారి దగ్గర నుంచి చూడాలి. మన ప్లాంట్లలో ఇప్పటికీ ఎక్కువగా నడిచేది మోడ్‌బస్. 1979లో మోడికాన్ కంపెనీ తెచ్చిన ప్రోటోకాల్. అప్పట్లో ఒకే ప్లాంటులోని పరికరాలు ఒక తీగ మీద మాట్లాడుకోవడానికి రాశారు కాబట్టి ‘నువ్వెవరు’ అని అడిగే అలవాటు దానికి లేదు. ఫంక్షన్ కోడ్ 3 వస్తే రిజిస్టర్‌లో ఉన్న విలువ చదివి చెబుతుంది. 6 వస్తే కొత్త విలువ రాసుకుంటుంది, 16 వస్తే ఒకేసారి చాలా విలువలు రాసుకుంటుంది. పంపింది ఆపరేటరా, అకౌంట్స్ సెక్షన్ కంప్యూటర్‌లో దూరిన దొంగా అన్నది దానికి పట్టదు. మామూలు ఆఫీసు ఫైర్‌వాల్ మోడ్‌బస్ వాడే 502 పోర్టు తెరవాలా మూయాలా అన్నంతవరకే చూస్తుంది. తెరిస్తే చదవడమూ రాయడమూ రెండూ వెళ్లిపోతాయి, మూస్తే ప్లాంటు కళ్లు మూసుకుంటుంది. పారిశ్రామిక ఫైర్‌వాల్ ప్యాకెట్ విప్పి లోపలి కోడ్ చూస్తుంది. రీడింగులు దాచే హిస్టోరియన్ సర్వర్‌కి 3 మాత్రమే, ఆపరేటర్ స్టేషన్‌కి 3, 6, అది కూడా ఫలానా రిజిస్టర్ల వరకే, మిగతావాళ్లెవరికీ ఏదీ లేదు అని రాసుకోవచ్చు. సబ్‌స్టేషన్లలో వాడే ఐఈసీ 104 ప్రోటోకాల్‌కీ ఇంతే. బ్రేకర్‌ని తెరిచే, మూసే ఆజ్ఞల టైపు నంబర్లు వేరు, రీడింగుల నంబర్లు వేరు. 2016 డిసెంబర్‌లో కీవ్ దగ్గర సబ్‌స్టేషన్‌ను చీకటి చేసిన ఇండస్ట్రోయర్ మాల్‌వేర్‌కి ఈ 104 భాష నోటికొచ్చు. లోపల కూర్చుని ఆ భాషలోనే బ్రేకర్లకు ఆజ్ఞలిచ్చింది. భాష తెలిసిన దొంగను పట్టాలంటే కాపలావాడికీ ఆ భాష రావాలి, ఆ తలుపు దగ్గరే నిలబడి ఉండాలి.

దాడి ఐటీలో మొదలైతే ఐటీలోనే ఆగుతుందన్న భ్రమ కూడా మన ఊళ్లోనే పటాపంచలైంది. 2020 అక్టోబర్‌లో డాక్టర్ రెడ్డీస్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే కంపెనీ తన డేటా సెంటర్ సేవలన్నిటినీ విడదీసేసుకోవాల్సి వచ్చింది. 2023 మేలో ఐటీ కారిడార్‌లోనే ప్రధాన కార్యాలయమున్న గ్రాన్యూల్స్ ఇండియా మీద దాడి జరిగింది. దాని వల్ల ఆదాయానికీ లాభానికీ గట్టి దెబ్బే తగులుతుందని ఆ కంపెనీయే ప్రకటించింది. ఈ రెండు చోట్లా మొదట తగిలింది వాల్వులకు కాదు, కంప్యూటర్లకు. ఇలాంటి రోజున ‘ఐటీ పోయినా ప్లాంటు దాని మానాన అది నడుస్తుంది’ అని ఒక ప్లాంట్ మేనేజర్ ధైర్యంగా అనగలగాలంటే రెండింటి మధ్యా తాను నమ్మగల గీత ఉండాలి. అమెరికాలో 2021 మేలో కలోనియల్ పైప్‌లైన్‌వాళ్లు ఆ ధైర్యం చాలకే పైప్‌లైన్ మొత్తం ఆపుకున్నారు.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. ఫైర్‌వాల్ అవసరమేనని ఒప్పుకున్నవాళ్లు కూడా ‘రగ్డ్’ అనగానే ముఖం చిట్లిస్తారు. ఆఫీసులో పెట్టే పెట్టెనే తెచ్చి ప్యానెల్‌లో పెడితే పోలా, సగం ధరకు వస్తుంది కదా అంటారు. నేను చాలా కాలం కిందట చూసిన ఒక పంపుహౌస్ గురించి చెబుతాను, పేరెందుకు. ప్యానెల్ తలుపు తీస్తే ఆఫీసు ఫైర్‌వాల్ ఒకటి అడుగున పడుకోబెట్టి ఉంది. ఫ్యాన్ గ్రిల్లు నిండా బూడిదరంగు దుమ్ము, లైట్లు వెలగడం లేదు. దానిలోకి వెళ్లాల్సిన కేబుల్‌నీ, దాన్నుంచి రావాల్సిన కేబుల్‌నీ పెరికి చిన్న ప్లాస్టిక్ కప్లర్‌తో ఒకదానికొకటి కలిపేశారు. ఇదేమిటని ఆపరేటర్‌ని అడిగితే, ‘ఎండాకాలంలో ఊరికే హ్యాంగ్ అయ్యేది సార్. పంపు స్టేటస్ రావట్లేదని రాత్రిళ్లు కంట్రోల్ రూం నుంచి ఒకటే ఫోన్లు. తీసేశాం, అప్పట్నుంచి ప్రాబ్లం లేదు’ అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఊరికి నీళ్లు ఆపకూడదన్నది అతని ఉద్యోగం. కానీ ఆ కప్లర్ పెట్టిన క్షణం నుంచి అక్కడ కాపలా లేదు, ఆఫీసు రికార్డుల్లో మాత్రం ఉంది. కాపలా లేదని తెలిసినవాడు కనీసం జాగ్రత్తగా ఉంటాడు. ఉందనుకుని లేనివాడి పరిస్థితి అంతకన్నా హీనం.

ఆ పెట్టె చెడిపోవడంలో వింతేముంది? ఏసీ గది కోసం తయారైన ఫైర్‌వాల్ సాధారణంగా 0 నుంచి 40 డిగ్రీల దాకా పనిచేస్తుందని దాని డేటాషీటే చెబుతుంది. మే నెలలో రామగుండంలో నీడపట్టునే 45 దాటే రోజులుంటాయి. యార్డులో ఎండకు నిలబడ్డ ఇనప బీరువా లోపల ఇంకో పది పదిహేను డిగ్రీలు కలపండి. బొగ్గు దుమ్ము ఉన్నచోట ఫ్యాన్ అంటే ఆ దుమ్మును సర్క్యూట్ బోర్డు మీదికి పీల్చి పోసే యంత్రం. నీటిశుద్ధి కేంద్రంలో క్లోరిన్, మురుగునీటి కేంద్రంలో హైడ్రోజన్ సల్ఫైడ్ రాగి గీతల్ని తినేస్తాయి. సబ్‌స్టేషన్‌లో ఐసొలేటర్ తెరిచినప్పుడల్లా పుట్టే విద్యుత్ కుదుపులు పక్కనున్న ఎలక్ట్రానిక్స్‌ని తికమకపెడతాయి. సరఫరా పోయిన సమయంలోనే కాపలా ఎక్కువ అవసరం, అప్పుడు అక్కడ ఉండేది బ్యాటరీ మీద నడిచే 110 లేదా 220 వోల్టుల డీసీ. ఆఫీసు పెట్టెకి కావాల్సింది 230 వోల్టుల ఏసీ.

రగ్డ్ ఫైర్‌వాల్ అంటే ఇవన్నీ ముందే లెక్కవేసుకుని చేసిన పెట్టె. ఫ్యాన్ ఉండదు, లోహపు ఒళ్లే వేడిని బయటికి వదులుతుంది. సున్నాకి కింద 40 నుంచి పైన 70, 75 డిగ్రీల దాకా పనిచేసేవి మార్కెట్లో ఉన్నాయి. డిన్ రైలు మీద కూర్చుంటుంది, రెండు డీసీ సరఫరాలు తీసుకుంటుంది, అడిగితే బోర్డు మీద తుప్పు ఆపే పూత వేసి ఇస్తారు. సబ్‌స్టేషన్‌లో పెట్టేవాటికి ఐఈసీ 61850-3, ఐఈఈఈ 1613 అనే ప్రమాణాలున్నాయి. వేడి, కంపనం, విద్యుత్ కుదుపుల మధ్య పరికరం ఎలా నిలబడాలో అవి చెబుతాయి. ఇవి విలాసాలు కావు. పెట్టె ఆ పంపుహౌస్‌లో ఎనిమిదో ఏట కూడా బతికి ఉండటానికి కావాల్సిన కనీస గుణాలు.

ఆపరేషన్స్ వాళ్ల భయం ఒకటుంది. ఈ చర్చలో నేను నిజంగా గౌరవించే అభ్యంతరం అదొక్కటే. మధ్యలో ఇంకో పెట్టె పెడితే అవసరమైన ఆజ్ఞను కూడా ఆపేసి ప్లాంటును ట్రిప్ చేస్తుందేమో అన్నది. చేయగలదు, రూల్స్ గుడ్డిగా రాస్తే. అందుకే ఈ పరికరాల్లో చాలావాటికి టెస్ట్ మోడ్ ఉంటుంది. మొదట కొన్ని వారాలు ఏదీ ఆపదు, తాను ఆపి ఉండేదేమిటో రాసుకుంటూ పోతుంది. ఆ జాబితాను ప్రాసెస్ ఇంజినీరు కూర్చుని చూసి, నెలకొకసారి మాత్రమే వచ్చే ఆజ్ఞల్ని కూడా చేర్చాక, షట్‌డౌన్ సమయంలో అసలు కాపలా మొదలుపెట్టాలి. అన్నిచోట్లా పెట్టమని కూడా నేననడం లేదు. రిలేల మధ్య మూడు నాలుగు మిల్లీసెకన్లలో చేరాల్సిన గూస్ సందేశాల దారిలో ఫైర్‌వాల్‌కి పని లేదు. స్టేషన్ గేట్‌వే దగ్గర, వెండర్ రిమోట్ దారి దగ్గర, సేఫ్టీ కంట్రోలర్ ముందర దాని చోటు. 2017లో సౌదీలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో ట్రైటాన్ మాల్‌వేర్ నేరుగా సేఫ్టీ కంట్రోలర్‌నే పట్టుకుంది, ప్రమాదం వచ్చినప్పుడు మనుషుల్ని కాపాడాల్సిన దాన్ని. అలాంటి చోట ‘ట్రిప్ అవుతుందేమో’ అన్న భయానికి ఎంత విలువివ్వాలో ఆలోచించుకోవాలి.

ఫైర్‌వాలే కన్నం అయితే? అదీ జరిగింది. 2023 మేలో డెన్మార్క్‌లో 22 ఇంధన సంస్థల మీద దాడి జరిగినప్పుడు దొంగలు చాలాచోట్ల వచ్చిన దారి జైక్సెల్ ఫైర్‌వాల్‌లోని లోపమే. సవరణ అప్పటికే వచ్చింది, చాలామంది వేసుకోలేదు. దీన్ని చూపించి ఫైర్‌వాల్ వద్దనేవాళ్లు ఆ దాడి మీద వచ్చిన నివేదికలో రెండో సగం చదవడం లేదు. ఆ సంస్థలన్నిటి నెట్‌వర్క్‌ను కలిపి గమనిస్తున్న సెక్టార్‌సెర్ట్ దాన్ని పట్టుకుంది, కొన్ని సంస్థలు బయటి సంబంధం తెంచుకుని విడిగా నడిచాయి, సరఫరాకు ఇబ్బంది రాలేదు. పాఠం ఏమిటంటే పెట్టెను కొని మర్చిపోకూడదు. దాని మేనేజ్‌మెంట్ పోర్టు ఇంటర్నెట్‌కి కనపడకూడదు, ఫర్మ్‌వేర్ ఎవరు ఎప్పుడు మార్చాలో ఒక మనిషి పేరు మీద రాసి ఉండాలి. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2021 అక్టోబర్‌లో ఇచ్చిన సైబర్ భద్రతా మార్గదర్శకాల్లో బాధ్యుడైన అధికారి, రక్షణ హద్దు వంటివన్నీ ఉన్నాయి. హెడ్డాఫీసు గుమ్మంలో ఒక పెద్ద పెట్టె పెట్టి ఆ హద్దు గీసేశామని కాగితం మీద సంతకం పెట్టడమే మన జబ్బు.

సైబరాబాద్ తన ఇంటి సంగతి కూడా చూసుకోవాలి. లోకానికి సైబర్ భద్రత అమ్మే అద్దాల మేడల సెల్లార్‌లోకి దిగితే చిల్లర్లు, డీజిల్ జనరేటర్లు, ఫైర్ పంపులు, వాటిని నడిపే బిల్డింగ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్లు ఉంటాయి. అవి మాట్లాడే బ్యాక్‌నెట్ కూడా చాలాచోట్ల మోడ్‌బస్ లాగే ఎవరు పిలిస్తే వారికి పలుకుతుంది. పైన పదో అంతస్తులో కోట్ల రూపాయల ఫైర్‌వాల్, కింద జనరేటర్ రూం వేడిలో ఏ అడ్డూ లేని స్విచ్. 2013లో అమెరికాలో టార్గెట్ దుకాణాల నుంచి నాలుగు కోట్ల కార్డుల వివరాలు పోయినప్పుడు దొంగలు వాడుకున్నది ఏసీ, రిఫ్రిజిరేషన్ కాంట్రాక్టరు లాగిన్. హైటెక్ సిటీలో ఒక్కో టవర్‌కి ఎంతమంది అలాంటి కాంట్రాక్టర్లు వచ్చిపోతారో ఫెసిలిటీ మేనేజర్లను అడగండి.

ఖర్చు మాట ఇంకా మిగిలింది. రగ్డ్ పెట్టెకు ఆఫీసు పెట్టెకన్నా ఎక్కువ అవుతుంది, నిజం. కానీ ఆఫీసు పెట్టెను ఫీల్డులో పెట్టి రెండు మూడేళ్లకోసారి మారుస్తూ, మధ్యలో కప్లర్లతో కాలం గడిపే ఖర్చుతో పోల్చకుండా, కేవలం కొన్న రోజు ధరతో పోల్చడం ఏం లెక్క? పైగా ఇది విదేశాల మీదే ఆధారపడాల్సిన వస్తువు కానక్కర్లేదు. హైటెక్ సిటీ పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందే, 1967లో, ఈ నగరం రెండో కొసన ఈసీఐఎల్ మొదలైంది. అణువిద్యుత్ కేంద్రాలకు కంట్రోల్ వ్యవస్థలు చేసిన సంస్థ అది. క్షిపణుల్లో పెట్టే ఎలక్ట్రానిక్స్‌ని వేడిలో, చలిలో, కంపనంలో పరీక్షించే రక్షణ ప్రయోగశాలలు ఇక్కడే ఉన్నాయి. ప్యాకెట్ విప్పి చదివే కోడ్ రాయగలవాళ్లు మాదాపూర్ నిండా ఉన్నారు. ఈసీఐఎల్ ఉన్న కుషాయిగూడ చేతికీ మాదాపూర్ చేతికీ మధ్య కొరవడింది కొనేవాడి ఆర్డరు.

ఆ ఆర్డరు టెండరులో మొదలవుతుంది. ట్రాన్స్‌కో, డిస్కమ్‌లు, జలమండలి, ఫార్మా కంపెనీలు తమ తర్వాతి స్కాడా టెండరులో ‘ఫైర్‌వాల్ – 1’ అని ఒక్క వరుస రాసి ఊరుకోవడం మానాలి. ఏ ప్యానెల్‌లో పెడతారు, ఆ ప్యానెల్‌లో మే నెల మధ్యాహ్నం వేడి ఎంత, ఏ డీసీ మీద నడుస్తుంది, ఏ ప్రోటోకాల్‌ని లోపలిదాకా చదవాలి, ఎన్నేళ్లు ఫర్మ్‌వేర్ సవరణలు ఇస్తారు అని రాయాలి. ఆడిట్‌కి వచ్చేవాళ్లు హెడ్డాఫీసులో రిజిస్టర్ చూసి వెళ్లిపోకుండా, ఎండాకాలంలోనే సైట్‌కి వెళ్లి ప్యానెల్ తలుపు తీసి, లోపల కేబుల్ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో వేలితో పట్టుకుని చూడాలి.